విమానం పొట్ట కింద

"ఎనభై ఆరు మోడల్ కార్బ్యురేటర్ ఉందా?"

"ఉంది. మూత మాత్రం లేదు."

కోడ్ సరిపోయింది. ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ షాపులో గల్లాపెట్టె వెనక కూర్చున్న గూఢచారి ఏజెన్సీ చీఫ్ రామకోటేశ్వరరావు మోచేతుల దాకా గ్రీజు పూసుకున్నాడు. వేషం వేస్తే పూర్తిగా వేయాలని ఆయన పట్టుదల.

ఏజెంట్ కిరీటి హంసవింగ్ ఎయిర్‌లైన్స్ ఫస్ట్ ఆఫీసర్ యూనిఫామ్‌లో ఉన్నాడు. ఆరు నెలలుగా అదే అతని వేషం. విమానం నడపడం మాత్రం నిజంగానే వచ్చు.

"ఈ మధ్యాహ్నం తీరం దగ్గర నేవీ కొత్త రాడార్ టెస్ట్ చేస్తోంది. మీ వైజాగ్ ఫ్లైట్ ఆ పక్క నుంచే వెళ్తుంది. ఆ ఫ్లైట్‌లోంచి ఎవరో కొన్నాళ్లుగా మన సిగ్నల్స్ రికార్డు చేసి విదేశీ ముఠాకి అమ్ముతున్నారు," అన్నాడు చీఫ్. "భానుమూర్తిని నిన్న సస్పెండ్ చేయించాం కాబట్టి ఇవాళ్టికి గండం గడిచినట్టే. నీ రిపోర్టు బ్రహ్మాండం."

కిరీటికి ఆ మెచ్చుకోలు ముల్లులా గుచ్చుకుంది.

కెప్టెన్ భానుమూర్తి పైలట్ల సంఘానికి నాయకుడు. పోయిన ఆదివారం భవానీపురంలో తన ఇంట్లో కిరీటికి భోజనం పెట్టి మరీ తన అనుమానం చెప్పాడు.

"మన ఛైర్మన్ జయకృష్ణ మనసు విమానాల మీద లేదు అబ్బాయ్. టైర్లు మార్చమంటే నష్టాలంటాడు. ఫారిన్ వాళ్లతో కలిసి మెరైన్ సర్వే కంపెనీ పెట్టి పడవలు మాత్రం కొంటాడు. ఎయిర్‌లైన్ నడిపేవాడికి సముద్రంతో ఏం పని? మొన్న మన విమానం పొట్ట కింద కొత్త డబ్బా బిగించారు. ఏమిటని అడిగితే వైఫై అన్నారు. మంచినీళ్లే ఇవ్వనివాడు వైఫై ఇస్తాడా? ఫొటోలు తీసి పెట్టాను. నీకొక్కడికే చెప్తున్నాను."

కిరీటి నవ్వి మజ్జిగ తాగాడు. రిపోర్టులో మాత్రం 'భానుమూర్తి రహస్యంగా విమానం ఫొటోలు తీస్తున్నాడు' అని రాశాడు. ఎందుకు తీశాడో రాయలేదు. చీఫ్‌కి దోషిగా ఒక పైలట్ కావాలి. హంసవింగ్ ఆపరేషన్స్ హెడ్, ఏజెన్సీ ఇన్ఫార్మర్ కూడా అయిన సింధూరి అదే పేరు చెప్పింది. పెర్ఫ్యూమ్‌తో పాటు నమ్మకాన్ని కూడా వెదజల్లగల మనిషి ఆమె. అందరికీ నచ్చే జవాబు రాయడం తేలికనిపించింది.

షాపు నుంచి ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సినవాడు, కాళ్లు లాగినట్టు భవానీపురం వెళ్లాడు. భానుమూర్తి వరండాలో ఊరికే కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే తలూపాడంతే. ఆయన భార్య దుర్గాంబ లోపలి నుంచి ఒక పొట్లం తెచ్చింది.

"డ్యూటీలో ఏం తింటావో ఏమో, పులిహోర చేశాను బాబూ. చేదోడుగా నువ్వన్నా ఉన్నావు ఆయనకి."

వెండిరంగు రేకులో చుట్టిన ఆ పొట్లం ఇంకా వెచ్చగా ఉంది. కిరీటి దాన్ని తీసుకుని ఆమె ముఖం చూడకుండా బయటపడ్డాడు.

గన్నవరంలో విమానం సిద్ధంగా ఉంది. కెప్టెన్ సిద్ధార్థ కాక్‌పిట్‌లో కూర్చున్నాడు. మెట్ల దగ్గర సింధూరి నిలబడి ఉంది.

"ఇవాళ వాక్‌అరౌండ్ వద్దు కిరీటిగారూ. ఇంజనీర్లు చూసేశారు. టైమ్ అయిపోతోంది."

ఎగిరే ముందు పైలట్ విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూడటమే వాక్‌అరౌండ్. కళ్లు అలవాటుపడిపోతాయి, చేత్తో తడిమి చూడమని కిరీటికి నేర్పింది భానుమూర్తే. ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టిన తర్వాత ఆ మాటైనా నిలబెట్టాలనిపించింది.

"ఒక్క నిమిషమండీ," అని వెళ్లి పొట్ట కింద ఆ కొత్త డబ్బా మూతను తడిమాడు.

చేయి చురుక్కుమంది. విమానంలో ఇంకా కరెంటే ఆన్ చేయలేదు. అయినా ఆ డబ్బా తన సొంత బ్యాటరీతో పనిచేస్తోంది. దాని పక్కన రెక్కలాంటి చిన్న యాంటెన్నా ఉంది. ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం. తను రాసిందీ అక్షరాలా నిజమే, అదే సిగ్గుచేటు.

ఫోన్ తీసి భానుమూర్తికి చేసి స్పీకర్‌లో పెట్టాడు. "సార్, డబ్బా వేడిగా ఉంది. కరెంట్ లేదు."

"అయితే ఆ విమానం ఎక్కొద్దు. సిద్ధార్థకి చెప్పు."

కిటికీలోంచి తల బయటపెట్టిన సిద్ధార్థకి ఆ గొంతు చాలు. అతను మారు మాట్లాడకుండా హెడ్‌సెట్ తీసేసి సెక్యూరిటీకి కబురు పెట్టాడు.

సింధూరి చిరునవ్వు చెదరలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి పౌడర్ డబ్బీ తీసి, అద్దం వెనక మీట నొక్కింది. డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది.

"ఇవాళ్టిది పోతే పోయింది, ఏజెంట్ కిరీటీ. ఇన్నాళ్ల రికార్డింగ్ అంతా ఇప్పుడే వెళ్లిపోతుంది. పైన మా డ్రోన్ తిరుగుతోంది, బందరు దగ్గర మా పడవ ఎదురుచూస్తోంది."

కిరీటి సిగ్నల్స్‌ని అడ్డుకునే జామర్ పెన్ను తీసి నొక్కాడు. సిరా కక్కింది. తక్కువ కొటేషన్‌కి కొన్న సరుకు అలాగే ఉంటుంది.

"సార్, పంపించేస్తోంది. మూత స్క్రూలు రావట్లేదు."

"యాంటెన్నాకి ఏదన్నా లోహపు రేకు చుట్టెయ్. గాలి కూడా దూరకుండా. ఉందా?"

కిరీటి బ్యాగు వైపు చూశాడు. "పులిహోర పొట్లం ఉంది సార్."

"పారబొయ్యి."

దుర్గాంబ చేసిన పులిహోర విమానం పక్కన కాంక్రీటు మీద కుప్పగా పడింది. కిరీటి ఆ రేకును యాంటెన్నాకి మడతలు మడతలుగా చుట్టి రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. లైటు చివరిసారి ఎర్రగా మిణుకుమని, పసుపురంగులోకి మారి ఆగిపోయింది. సింధూరి చేతిలోని డబ్బీ కీచుమంది. జవాన్లు ఆమెను చుట్టుముట్టేసరికి ఆమె అద్దంలో చూసుకుని బొట్టు సరిచేసుకుంటోంది.

సాయంత్రానికి జయకృష్ణ దొరికాడు, పడవ దొరికింది. భానుమూర్తి సస్పెన్షన్ రద్దయింది.

ఆ కబురు చెప్పడానికి కిరీటి భవానీపురం వెళ్లాడు. మిగతాది ఎలా మొదలుపెట్టాలో దారంతా కూడబలుక్కున్నాడు. ఆ అవసరం రాలేదు.

"ఫొటోల సంగతి నీకొక్కడికే చెప్పాను," అన్నాడు భానుమూర్తి నెమ్మదిగా.

కిరీటి తల దించుకున్నాడు. "తెలిసి కూడా నా ఫోన్ ఎందుకెత్తారు సార్?"

"డ్యూటీ టైమ్‌లో మోగింది. విమానం గురించేమో అనుకున్నాను. నీ గురించి మాట్లాడి ఉంటే పెట్టేసేవాణ్ణి."

కూర్చోమని ఆయన అనలేదు. కిరీటి నిలబడే ఉన్నాడు. దుర్గాంబ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"పులిహోర ఎలా ఉంది బాబూ?"

"చాలా బాగుందండీ."

అది పచ్చి అబద్ధమని భానుమూర్తికి తెలుసు. అయితే ఆయన రిపోర్టు చేయలేదు.