జిన్‌వోల్ట్ దసరా కాంబో

ఇచ్చోడ హైవే పక్కన దాబాలో, నులక మంచం మీద కూర్చొని భూమన్న తన ఫోన్‌ను తిట్టుకున్నాడు. బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. సీక్రెట్ ఏజెంట్ అయినా సరే, బస్సులో సీటు దొరకని ప్రయాణికుడైనా సరే, ఆ ఎరుపు కనిపించగానే ముఖం ఒకేలా వాడిపోతుంది.

"రాజం, గోదాం దొరికింది," అన్నాడు ఫోన్‌లో, గొంతు తగ్గించి. "లోపల డబ్బాలల్ల ఏదో బిగిస్తున్రు. ఏందో తెల్వది. ఫోటోలు తీసిన. పంపుదామంటే సగంల ఆగుతుంది, చార్జింగ్ లేదు."

"చార్జర్ తేలేదా అన్నా?" అడిగాడు కరీంనగర్ నుంచి రాజం.

"మీ వదినె సంచిల పెట్టింది. నేనే మరిచిన. ఆగు, పక్క మంచం మీది తమ్ముడు పవర్ బ్యాంక్ ఇస్తుండు."

ఎవరో నవ్వుతూ అనడం రాజానికి వినిపించింది: "పెట్టుకోరాదే అన్నా, ఫుల్ ఉంది." ఆ వెంటనే భూమన్న గొంతు: "థాంక్స్ తమ్మి."

తర్వాత ఒక పేలుడు. తర్వాత లైన్‌లో ఏమీ లేదు.

పవర్ బ్యాంక్ ఇచ్చినవాడి గురించి దాబా ఓనర్‌కు గుర్తున్నది ఒక టోపీ, ఒక మంచి మాట. అంతే. చార్జింగ్ అడిగితే కాదనని ఊళ్లు మనవి. ఆ మంచితనాన్నే ఒకడు ఆయుధం చేసుకున్నాడు. బొగ్గు గనుల కాలనీలో ఒకే వాడలో పెరిగినవాళ్లు రాజం, భూమన్న. చిన్నప్పుడు రాజం గోదావరిలో మునుగుతుంటే జుట్టు పట్టి ఒడ్డుకు లాగిన మనిషి భూమన్న.

పెద్దకర్మ నాడు భూమన్న భార్య శంకరవ్వ ఏడవలేదు. రాజం ఎదురుగా కూర్చొని ఒకే మాట అన్నది.

"వాడు నా ముందట నిలవడాలె, మరిది. నేను వానితోని ఒక్క మాట మాట్లాడాలె."

"తెస్త వదినె," అన్నాడు రాజం. ఆ రోజు నుంచి అతనికి అన్నం సహించలేదు.

హుజూరాబాద్ బస్టాండ్ ఎదుటి సందులో ఒక మొబైల్ రిపేర్ షాపు ఉంది. రాజం కౌంటర్ దగ్గర ఆగి, "బుడగలు రాకుండ టెంపర్డ్ గ్లాస్ వేస్తరా?" అని అడిగాడు.

"బుడగలు రాకుండ వేసెటోడు ఇంకా పుట్టలే," అన్నాడు కౌంటర్ మీది మనిషి, తల ఎత్తకుండానే.

కోడ్ కలిసింది. కర్టెన్ వెనక తలుపు తెరుచుకుంది. లోపల చీఫ్ ఉమారాణి ఒక పవర్ బ్యాంక్‌ను విప్పి టేబుల్ మీద పరిచింది.

"జిన్‌వోల్ట్. భూమన్న ఒంటి మీద దొరికిన ముక్కలు ఇట్లాంటి దానివే. బ్యాటరీ పక్కన పేలుడు పదార్థం, దాని పక్కన సిమ్. సరిహద్దు అవతల కూర్చున్న ఒక సేఠ్ ప్లాన్ ఇది."

"ఎన్ని పంచిండ్రు?"

"దసరా కాంబో అని గనుల కాలనీలో ఇంటింటికీ చేరినయ్. ఒక టెంపర్డ్ గ్లాస్, ఒక బ్యాక్ కవర్, ఈ పవర్ బ్యాంక్. గనుల్లో పనిచేసెటోళ్లను దెబ్బతీస్తే బొగ్గు ఆగుతది, కరెంటు ఆగుతది. పండుగ పొద్దుగూకినంక రావణుని బొమ్మ కాలేటప్పుడు అన్నీ ఒక్కసారే పేలాలె. ఆ పటాకుల మోతల ఏది ఏందో తెలియకముందే."

"ట్రిగర్?"

"ఒక్క ఫోన్. భూమన్నను చంపినోని చేతుల ఉంది. పేరు రాజ్‌కుమార్, మన దిక్కోడే. సేఠ్ నుంచి 'ఫుల్ చార్జ్' అని మెసేజ్ వచ్చినంక నొక్కుతడు. వీడియో తీసి పంపాలె కాబట్టి రావణుని కాల్చే గ్రౌండ్‌లనే ఉంటడు. టవర్ మనకు గ్రౌండ్ వరకే చూపిస్తది, మనిషిని చూపించదు. మైకుల చెప్పి జనాన్ని లేపితే అప్పుడే నొక్కుతడు."

"మొఖం ఎవ్వరికి ఎర్క లేదా?"

"లేదు," అంది మూల కుర్చీలోంచి ఒక తీయని గొంతు. "నేను కూడా ఒక్కసారీ చూడలేదు. నంబర్ మాత్రం తెచ్చాను."

మమతారాణి లేచి నిలబడింది. కరీంనగర్ హోర్డింగుల మీద జిన్‌వోల్ట్ పట్టుకొని నవ్వే మోడల్ ఆమే. ముఠాలో ఉంటూనే ఏడాదిగా ఉమారాణికి కబుర్లు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె పక్కన నిలబడితే ఎవరికైనా సెల్ఫీ తీసుకోవాలనిపిస్తుంది. రాజానికి మాత్రం భూమన్నను ఆ దాబాలో కూర్చోమన్నది ఎవరో గుర్తొచ్చింది. ఆమే.

ఆమె బయటికి వెళ్లాక ఉమారాణి ఒక చార్జింగ్ కేబుల్ తీసి రాజం చేతిలో పెట్టింది. "లోపల స్టీల్ తీగ. మెలిపెట్టి లాగితే లాక్ పడుతది. దీంతోని ఫోన్ చార్జ్ కాదు, మనిషి కదలడు."

"మేడం, నాకు వాని నంబర్ చాలు."

"నంబర్‌తో ఏం చేస్తవ్?"

"భూమన్నకు బ్యాటరీ అయిపోయేదాక ఆగిండు గద వాడు. వాని బ్యాటరీ నేను అయిపోగొడ్త. గ్రౌండ్ మీద చార్జింగ్ షాపు ఒక్కటే ఉండాలె. అది నాది కావాలె."

ఉమారాణి అతన్ని చాలాసేపు చూసింది. "వాణ్ని ప్రాణాలతో తేవాలె, రాజం."

రాజం కేబుల్‌ను చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

దసరా పొద్దున్నే వాట్సాప్‌లో దాడి మొదలైంది. కాలనీ బతుకమ్మ గ్రూప్, పదో తరగతి పాత బ్యాచ్, మరమగ్గాల సంఘం, బాసర యాత్ర గ్రూప్, చిట్టీల గ్రూప్, అల్లుళ్ల గ్రూప్, అల్లుళ్లు లేకుండా మామలు పెట్టుకున్న ఇంకో గ్రూప్. ఉమారాణి మనుషులు రాజ్‌కుమార్ నంబర్‌ను దొరికిన ప్రతి గ్రూప్‌లోనూ పడేశారు. పండుగ పూట మన గ్రూపుల సంగతి తెలిసిందే. పువ్వులు రాలే వీడియోలు, దీపాలు తిరిగే వీడియోలు, ఎవరి మనుమరాలో పాడిన పాట. అవి చాలవన్నట్టు, "మీరెవరు బాబూ?" అని గ్రూప్ కాల్స్.

మామూలు మనిషయితే ఫోన్ పక్కన పారేస్తాడు. రాజ్‌కుమార్ పారేయలేడు. సేఠ్ ప్రతిసారీ కొత్త నంబర్ నుంచే మెసేజ్ పెడతాడు. 'ఫుల్ చార్జ్' ఏ పువ్వు కింద దాక్కుందో తెలియదు. అందుకే వచ్చిన ప్రతి శుభాకాంక్షనూ తెరిచి చూడాలి. తెరిచిన ప్రతిదీ అతని బ్యాటరీని కొంచెం కొంచెం కొరుక్కుతింటోంది.

పొద్దు వాలేసరికి గ్రౌండ్ నిండిపోయింది. జమ్మి ఆకు చేతిలో పెట్టి, "బంగారం" అంటూ ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. గ్రౌండ్ అంచున రాజం గళ్ల లుంగీ కట్టి, గడ్డం అతికించుకొని, తన చార్జింగ్ షాపు డబ్బా మీద ఇయర్‌ఫోన్లు, రింగ్ లైట్లు, కార్టూన్ బొమ్మల బ్యాక్ కవర్లు పరిచాడు. ముందు వరసలో ఒక జిన్‌వోల్ట్ పవర్ బ్యాంక్. మమతారాణి పట్టుచీరలో పక్కనే నిలబడింది, తానూ వస్తానని పట్టుబట్టి మరీ. ఎదుటి గాజుల బండి దగ్గర గాజులు బేరం చేస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఉమారాణి మనుషులు. వాళ్ల వెనక, కొంగు నిండుగా కప్పుకొని శంకరవ్వ.

చార్జింగ్ అయిపోయినవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. ప్రతి ఒక్కరికీ రాజం జిన్‌వోల్ట్ అందించాడు. అందరూ సంతోషంగా అందుకొని, కాసేపు పెట్టుకొని, ఇచ్చి పోయారు.

అప్పుడొచ్చాడు ఒకడు. ఇస్త్రీ చొక్కా, టోపీ, నుదుట పెద్ద బొట్టు. చేతిలో ఫోన్ ఆగకుండా మోగుతోంది. ముఖం చెమటతో తడిసింది.

"చార్జర్ ఉందా? జల్ది!"

ఆ గొంతు ఎక్కడ విన్నాడో రాజానికి వెంటనే గుర్తొచ్చింది. జిన్‌వోల్ట్ తీసి అతని చొక్కా దగ్గరకు చాపి, నవ్వుతూ, అచ్చం ఆ దాబాలో విన్న మాటే అన్నాడు.

"పెట్టుకోరాదే అన్నా, ఫుల్ ఉంది."

పామును చూసినట్టు వాడు వెనక్కి గెంతాడు. "గా పవర్ బ్యాంక్ వద్దు! గోడకు పెట్టేది లేదా?"

ఆ గ్రౌండ్‌లో జిన్‌వోల్ట్ అంటే భయపడాల్సిన మనిషి ఒక్కడే. వాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఈయన కాదు రాజం గారూ," అంది మమతారాణి గబగబా. "మనవాడు ఇంకా పొడుగు. పాపం, పోనివ్వండి. ఇదిగోండి, నా చార్జర్ తీసుకోండి." ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తెల్లటి మరో పవర్ బ్యాంక్ బయటికొచ్చింది. వాడు లాక్కున్నాడు.

"మేడం," అన్నాడు రాజం మెల్లగా, "మీరు వాన్ని ఒక్కసారి సుత చూడలే అన్నరు గద. పొడుగని ఎట్ల ఎర్క?"

మమతారాణి పెదవుల మీది నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లలో మాత్రం లేదు. గాజుల బండి దగ్గరి ఆడవాళ్లు అప్పటికే ఆమెకు చెరోపక్క నిలబడ్డారు. ఆమె చేతికి పడ్డవి గాజులు కావు.

రాజ్‌కుమార్‌కు అదేమీ పట్టలేదు. కేబుల్ గుచ్చాడు. ఫోన్ బీప్‌మన్నది. స్క్రీన్ మీద నీటిచుక్క బొమ్మ: పోర్ట్‌లో తేమ ఉంది, చార్జింగ్ సాధ్యం కాదు. తీసి ఊదాడు. మళ్లీ గుచ్చాడు. మళ్లీ అదే.

రాజం ఆ ఫోన్ అడుగుభాగం చూశాడు. చూసి, చాలా రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. ఫోన్ మొత్తానికి పసుపు పూసి ఉంది, మూడు కుంకుమ బొట్లు. రంధ్రంలో పసుపు ముద్ద పచ్చిగా మెరుస్తోంది.

"ఆయుధ పూజ చేసినవా?"

రాజ్‌కుమార్ తల ఎత్తాడు. మగ్గానికి, లారీకి, పలుగుకు, పారకు బొట్టు పెట్టుకునే పండుగ ఇది. సేఠ్ ఎంత ట్రైనింగ్ ఇచ్చినా, కరీంనగర్ జిల్లాలో పుట్టినవాడు దసరా నాడు తన పనిముట్టుకు పూజ చేయకుండా గడప దాటడు. వీడి పనిముట్టు ఈ ఫోన్. బయల్దేరే ముందు పసుపు నీళ్లు చల్లి, దండం పెట్టుకొని మరీ తెచ్చాడు. మనుషుల్ని చంపేదానికి దండం పెట్టుకున్నాడు!

"నువ్వెవడివి?"

"భూమన్న తమ్ముణ్ని. దసరా గద, బంగారం తీస్కో," అంటూ రాజం జమ్మి ఆకు వాడి చేతిలో పెట్టి గట్టిగా కౌగిలించుకున్నాడు. చూసేవాళ్లకు అది అలయ్ బలయ్. ఆ కౌగిలిలోనే స్టీల్ కేబుల్ ఇద్దరి మణికట్లను కలిపి బిగుసుకుంది. జిన్‌వోల్ట్ వాడి చొక్కా జేబులోకి జారింది.

అదే క్షణంలో ఫోన్ వెలిగింది. పువ్వుల్లేవు, దీపాల్లేవు. రెండే మాటలు: ఫుల్ చార్జ్.

గ్రౌండ్ నడుమ రావణుని బొమ్మకు నిప్పంటుకుంది. రాజ్‌కుమార్ ఖాళీ చేతి బొటనవేలు స్క్రీన్ మీదికి పోయింది. మీద ఒక్క శాతం బ్యాటరీ. కింద ఎర్రటి బటన్. రాజం ఆ వేలును పట్టుకోలేదు.

"నొక్కు," అన్నాడు చెవిలో. "నీ గుండె మీద పెట్టిన. భూమన్నకు పెట్టినట్టే. మనిద్దరం ఒక్కటే తీగకున్నం, నాకేం ఫికర్ లేదు. నొక్కు రా!"

వేలు గాలిలో ఆగింది. పటాకులు పేలినప్పుడల్లా వాడు ఉలిక్కిపడి తన జేబు వైపు చూసుకున్నాడు. ఊరంతటినీ చంపడానికి వచ్చినవాడికి, ఆ ఊళ్లో తానూ ఒకడయ్యేసరికి ధైర్యం చాలలేదు.

"తియ్యి అన్నా," అన్నాడు ఏడుపు గొంతుతో. "నీ కాల్మొక్త, జేబుల నుంచి తియ్యి."

రాజం తియ్యలేదు. వాడు ఏడుస్తుంటే చూశాడు. చూడాలనే చూశాడు, దాచుకోవాల్సిందేమీ లేదు. రావణుని తల కూలి జనం ఈలలు వేస్తుండగా ఫోన్ ఒకసారి వణికి ఆరిపోయింది.

శంకరవ్వ వచ్చి వాడి ముందు నిలబడింది. కొంగు భుజం మీదికి జారింది.

"నువ్వు పవర్ బ్యాంక్ ఇచ్చినప్పుడు మా ఆయిన నీకేమన్నడు?"

రాజం కేబుల్ ఒక్క మెలిక తిప్పాడు.

"థాంక్స్... థాంక్స్ తమ్మి అన్నడు."

"గట్లనే అంటడు ఆయిన." ఆమె గొంతు మొదటిసారి పగిలింది. "తమ్మి అన్నడు నిన్ను." ఆ తర్వాత ఆమె కొట్టిన చెంపదెబ్బ గాజుల బండి దాకా వినిపించింది. రాజం ఆపలేదు. రెండోదీ ఆపలేదు.

జీపు ఎక్కించేదాకా రాజ్‌కుమార్ కళ్లు జేబు మీదే ఉన్నాయి. తడుముకోవడానికి కూడా భయపడుతున్నాడు. ఇంటింటి నుంచి జిన్‌వోల్టులు ఏరుకొచ్చే పని ఉమారాణి మనుషులు అప్పటికే మొదలుపెట్టారు. ఫోన్‌లో ఉమారాణి అరిచింది.

"పేలే బాంబును మనిషి జేబుల పెట్టినవా? నీకు దిమాగ్ ఉందా రాజం?"

"మేడం, అది మీరు విప్పిందే, మళ్ల బిగించి తెచ్చిన. పేలేటిది మీ టేబుల్ మీదనే ఉంది. దాంట్ల ఉత్త బ్యాటరీనే. వానికి చెప్పలే, గంతే."

"జైలుకు పోయినంక వానికి చెప్తవా?" అని అడిగింది ఉమారాణి, నవ్వాపుకుంటూ.

"చూద్దాం మేడం, తొందరేముంది?"

ఒక పెద్దాయన డబ్బా దగ్గరకొచ్చి, ఆరిపోయిన ఫోన్ చాపాడు. "బిడ్డా, మనుమరాలికి వీడియో కాల్ చెయ్యాలె. ఇందాక ఒక పవర్ బ్యాంక్ ఉండె గద, ఏది?"

"ఒకాయన పట్టుకపోయిండు తాతా," అన్నాడు రాజం, గడ్డం పీకేస్తూ. "గుండెకు హత్తుకొని మరీ పోయిండు. అంతగనం నచ్చింది."