రెట్ట లేని గూడు

"ప్రమాదవశాత్తు జారిపడి మృతి."

చీఫ్ హనుమేష్ రిపోర్టు చదువుతుంటే ఏజెంట్ ఫిరోజాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సుంకన్న కోడుమూరు బండల మీద మేకలు కాస్తూ పెరిగిన ఏజెంట్. తనను సొంత చెల్లెలిలా చూసుకున్న మనిషి. అలాంటివాడు గండికోట అంచున జారిపడ్డాడట! ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నారు?

"జారలేదు సార్. ఎవరో తోసినారు."

"అయితే రుజువు తీసుకురా. రేపు పొద్దున రాకెట్ సైంటిస్టుల హెలికాప్టర్ ఆ లోయ మీదుగా వెళ్తుంది. దాన్ని కూల్చడానికి విదేశీ ముఠా ఆ కొండల్లో సిగ్నళ్లను చెడగొట్టే జామర్ దాచింది. పక్షులు చూసేవాళ్ల గుంపులో కలిసిపో. అక్కడ మన ఏజెంట్ దీవెన ఉంటుంది."

మరుసటి పొద్దున, ఫాల్గుణమాసపు లేత ఎండలో గుంపు పెన్నా లోయ అంచున నడుస్తోంది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్‌తో ఒక అందగత్తె ఫిరోజా దగ్గరికొచ్చింది.

"బనగానపల్లె మామిడి పూత ఎట్లుండాదక్కా?"

"ఈసారి నిండుగా ఉండాది."

కోడ్ కలిసింది. పక్షులు చూడటానికి ఎర్ర స్కార్ఫా, పెళ్లికి పోతున్నట్టు! ఫిరోజా పళ్లు కొరుక్కుంది. గుంపు ముందుకు సాగి మలుపు తిరిగింది. ఇద్దరే మిగిలారు. ఫిరోజా చూపు ఎదురు బండ మీద ఆగింది.

"అది గద్ద గూడక్కా. నెల నుంచి ఆడనే పిల్లల్ని సాకుతాండాది," అంది దీవెన.

ఫిరోజా బైనాక్యులర్స్ ఎత్తింది. గూడు పెద్దదే. దాని కింద బండ మాత్రం కడిగిన పళ్లెంలా ఉంది. నెల రోజులు పిల్లలుంటే ఈపాటికి అక్కడ రెట్ట సున్నం కొట్టినట్టు కారి ఉండాలి.

కాలర్‌లోని మైక్ ఆన్ చేసింది.

"గూడు కింద రెట్ట యాడ అని సుంకన్న కూడా అడిగినాడా?"

దీవెన నవ్వు ఆగిపోయింది. స్కార్ఫ్ చాటు నుంచి పిస్టల్ బయటికొచ్చింది.

"అడిగినాడు. అందుకే తోసినా. నువ్వు కూడా శానా చూస్తాండావు."

దూరంగా హెలికాప్టర్ మోత. ఫిరోజా గుండె మండిపోతోంది. మెడలోని కెమెరాను గూటి వైపు తిప్పి బటన్ నొక్కింది. లెన్స్‌లో దాచిన తూటా దూసుకెళ్లింది. పుల్లలు, వైర్లు, జామర్ ముక్కలు లోయలోకి రాలాయి.

దీవెన కోపంతో గురి చూడకుండానే కాల్చింది. తూటా ఫిరోజా టోపీని ఎగరగొట్టింది. రెండోసారి కాల్చబోతూ దీవెన, అంచున నిలబడ్డ ఫిరోజా మీదికి దూకింది. ఫిరోజా పక్కకు తప్పుకుంది. దీవెన అంచు దాటి పోయింది.

హెలికాప్టర్ వాళ్ల నెత్తి మీదుగా చక్కగా సాగిపోయింది.

రేడియోలో చీఫ్ గొంతు: "అంతా విన్నాను. దీవెన ఏమైంది?"

"కాలు విరిగి కింది బండ మీద మూలుగుతాంది సార్."

"ఎట్లా పడింది?"

"ప్రమాదవశాత్తు సార్. మీకు అలవాటైన మాటే కదా, రాసుకోండి."