గుమ్మంలో ఉన్నది మీరేనా?

ఆఫీసులో నాది కాపలా పని. గేటు దగ్గర కాదు, కంప్యూటరు ముందు. మా కంపెనీలో చాలామంది ఇంటి నుంచే పనిచేస్తారు. ఎవరైనా కొత్త చోటి నుంచి లాగిన్ కాబోతే, ‘మనవాళ్ళేనా?’ అని ఫోటోతో సహా నా ఫోనుకి ప్రశ్న వస్తుంది. నేను వీడియోలో మనిషిని చూసి, ఒకసారి రెప్ప వేయమంటాను. ఫోటోలు రెప్ప వేయవు కదా. మనిషి రెప్ప వేస్తే ‘అవును’ నొక్కుతాను.

ఇదే ఏర్పాటు మా ఇంటి తలుపుకీ పెట్టాను. ముఖం గుర్తుపడితే తెరుచుకుంటుంది, అనుమానమొస్తే ఫోనులో నన్ను అడుగుతుంది. తాళంచెవి మోయలేనంత సుకుమారమా అని మా ఆవిడ ఏడిపించింది. నాలుగేళ్ళ మా పాప మాత్రం మురిసిపోయి, బొమ్మలన్నిటినీ వరసగా నిలబెట్టి, రెప్ప వేయకపోతే లోపలికి రానివ్వనని బెదిరించేది.

ఆ మధ్యాహ్నం మబ్బుపట్టి ఆఫీసు గదంతా మసకబారింది. ఏసీలోంచి తడి గోనెసంచి వాసన. పొద్దుటి నుంచి ఊపిరి సలపనన్ని ప్రశ్నలు. విసుగెత్తి, వీడియోలు చూడడం మానేసి, వచ్చినదానికల్లా ‘అవును’ నొక్కుకుంటూ పోయాను. ఒకటి నొక్కేశాక చదివాను.

‘గుమ్మంలో ఉన్నది మీరేనా?’

అది ఆఫీసుది కాదు. మా ఇంటి తలుపుది. ఫోటోలో ఉన్నది నేనే. ఇప్పుడు నా ఒంటి మీదున్న గళ్ళ చొక్కాతోనే.

మా ఆవిడకి ఫోన్ చేశాను.

“పక్కగదిలో ఉండి ఫోనేంటండీ?” అని నవ్వింది. “పాపని ఆడిస్తున్నారుగా, ఆడించండి.”

“నేను ఆఫీసులో ఉన్నాను. పాపని తీసుకుని బయటికొచ్చెయ్…”

ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

ఎలా వెళ్ళానో నాకే తెలియదు. ఆ తలుపు తెరిచింది నా వేలే. దారంతా ఆ మాటే గుండెల్లో కొట్టుకుంది. గుమ్మం ముందు నిలబడి ముఖం చూపించాను. ఎర్రదీపం. రెప్పలు కొట్టాను. మళ్ళీ ఎర్రదీపమే.

అప్పుడు… లోపల ఫోను మోగింది. నా ఫోను మోతే. నా చేతిలో ఉన్నది మాత్రం మోగలేదు.

“ఏమండీ,” లోపల మా ఆవిడ గొంతు. “గుమ్మంలో ఉన్నది మీరేనా అని అడుగుతోంది మీ ఫోను.”

తర్వాత మెత్తగా… నా గొంతు.

“కాదని నొక్కు.”

తలుపు బాదాను. మా ఆవిడని పేరుపెట్టి పిలుస్తూ అరిచాను. చివరికి తలుపు కింది సందులోంచి చిన్న గుసగుస.

“నాన్నా… ఈ నాన్న రెప్ప వేయట్లేదు.”

“పిడి తిప్పు తల్లీ. తలుపు తియ్యి.”

“అందట్లేదు నాన్నా…”

లోపల చెప్పుల చప్పుడు. నా చెప్పులే. మెల్లగా వచ్చి, పాప వెనకే ఆగింది.

పిడి తిరిగింది.