గొలుసు గది తలుపు

ఆ సోమవారం మ్యూజియానికి సెలవు. జనం ఉండరు, ఫొటోలు తీరిగ్గా తీసుకోవచ్చని అవని అక్కే నన్ను బయల్దేరదీసింది. మేముండే హెర్న్‌డన్ నుంచి గంటన్నర డ్రైవ్. నవంబర్ మధ్యాహ్నం. దారి పొడవునా పొగమంచు.

అవని అక్క నాకు సొంత అక్క కాదు. నేను మాస్టర్స్‌కి అమెరికా వచ్చిన రోజు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి నా సూట్‌కేసులు మోసింది. తన అపార్ట్‌మెంట్‌లోనే నాకూ చోటిచ్చింది. వరంగల్‌లో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి, "ప్రణవిని నేను చూసుకుంటా ఆంటీ, మీరేం బెంగపెట్టుకోకండి" అని మాటిచ్చింది. తను పనిచేసే ఈ మ్యూజియంలోనే పాత లాగ్‌బుక్కులు స్కాన్ చేసే ఇంటర్న్‌షిప్ కూడా తనే ఇప్పించింది.

మ్యూజియం అంటే భవనం కాదు. ఓడ. రేవులో తాళ్లతో కట్టేసిన ఎర్రటి లైట్‌షిప్. లైట్‌హౌస్ కట్టడానికి వీల్లేని ఇసుక మేటల దగ్గర, స్తంభం మీద దీపం పెట్టిన ఓడకు లంగరు వేసి నిలబెట్టేవాళ్లు. తుఫానొస్తే మిగతా ఓడలన్నీ రేవుకు పరుగెత్తేవి. ఇది మాత్రం కదలకూడదు. ముప్ఫై ఎనిమిదేళ్లు అలా ఒక్కచోటే ఊగుతూ ఉంది. ఆ తర్వాత దీనికి రిటైర్మెంట్ ఇచ్చి ఇక్కడికి లాక్కొచ్చారు.

1933లో ఇలాంటి పొగమంచులోనే ఒక సరుకు ఓడ దీన్ని గుద్దింది. 'నావికుడు ఎలయస్ సముద్రంలో పడి మరణించాడు' అని గోడ మీద బోర్డు ఉంది. కానీ మేం వెళ్లడానికి ముందు వారం నేను స్కాన్ చేసిన లాగ్‌బుక్కులో కెప్టెన్ రాత వేరే చెప్పింది. 'ముందు భాగంలోకి నీళ్లు. గొలుసు గది తలుపు మూయించాను. ఎలయస్ లోపలే ఉన్నాడు.' దాని కింద ఇంకెవరిదో వణికిన రాత. 'ఏడూ నలభై దాకా తట్టాడు.'

అంటే ఓడలోని మిగతా పదిమందీ బయట నిలబడి విన్నారు. అతనితో కలిసి తిన్నవాళ్లే.

ఆ తలుపు లోపలి వైపు ఫొటో కోసమే మేం వెళ్లాం.

గొలుసు గది ఓడ ముందు భాగంలో, అన్నిటికంటే కింద ఉంటుంది. నిచ్చెన దిగుతుంటే తుప్పు వాసన, పాత డీజిల్ వాసన. మోకాలెత్తు గడప, దానికి ఇనప తలుపు. గడియ బయటివైపే ఉంది. అక్క బయట నిలబడి టార్చ్ పట్టుకుంది. నేను గడప దాటి లోపలికి వెళ్లాను. చుట్టలు చుట్టిన లంగరు గొలుసు, ఒక్కో లంకె నా తలంత ఉంది. తలుపు లోపలి వైపు, నా భుజమెత్తున, పెయింట్ కింద చిన్న చిన్న సొట్టలు. చాలా ఉన్నాయి.

"అక్కా, ఇటు చూడు..." అన్నాను.

తలుపు మూసుకుంది.

ముందు నవ్వొచ్చింది. "జోకులొద్దక్కా, తియ్" అన్నాను. గడియ పడిన చప్పుడు వినిపించింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. చలి పాదాల నుంచి పైకి పాకుతోంది. ఎక్కడో నీళ్లు పడుతున్న సద్దు...

తలుపుకు చెవి ఆనించాను. అవతల గుసగుసలు. ఒక గొంతు అక్కది.

రెండోది నాది.

"మూసే ఉంచక్కా. నీళ్లొస్తున్నాయి."

అరిచాను. రెండు చేతులతో బాదాను. అరచేతులు పగిలాయి. అవతల అక్క ఊపిరి తెలుస్తూనే ఉంది. వింటోంది. తీయలేదు. కాసేపటికి నిచ్చెన మీద అడుగుల చప్పుడు. ఇద్దరివి.

నలభై నిమిషాల తర్వాత, నా బాదుడు విని వచ్చి తలుపు తీసింది కాపలా ముసలాయన వాల్టర్. నన్ను చూసి బిత్తరపోయాడు. "మీరిద్దరూ ఇందాకే కారెక్కి వెళ్లిపోయారుగా!" అన్నాడు. గది నేల పొడిగా ఉంది. నా జీన్స్ మాత్రం మోకాళ్ల దాకా తడిసి ఉంది.

రేవు మీదికి రాగానే అక్కకు ఫోన్ చేశాను.

"నన్ను వదిలేసి వెళ్లావేంటక్కా?"

అవతల కారు వైపర్ల చప్పుడు. తర్వాత అక్క గట్టిగా, ఎవరికో వినిపించాలన్నట్టు అంది. "రాంగ్ నంబర్. ప్రణవి నా పక్కనే ఉంది."

వాల్టర్ నన్ను తన ట్రక్‌లో హెర్న్‌డన్‌లో దింపేసరికి సాయంత్రం ఆరున్నర దాటింది. ఆయన ట్రక్‌లోనే ఉండి, నేను లోపలికి వెళ్లేదాకా ఆగుతానన్నాడు. నా కీ పనిచేయలేదు. లోపలి గడియ వేసి ఉంది. తలుపు కొట్టాను. చైన్ తీయకుండా నాలుగు వేళ్లంత సందు చేసింది అక్క. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి.

"అక్కా, నేనే. నిజంగా నేనే."

"తెలుసే," గుసగుసగా అంది. "గడియ వేసేటప్పుడే తెలుసు."

"మరి ఎందుకు తీయలేదు?"

"అది, నీ మొహంతో, నా వెనకాలే నిలబడింది. తీస్తే నన్ను కూడా లోపలికి పంపిస్తానంది." నా కళ్లలోకి చూడలేకపోయింది. "నీకు దండం పెడతా, గట్టిగా మాట్లాడకు. వెళ్లిపో."

"ఇది నా ఇల్లక్కా... ఎక్కడికి పోను?"

ఎయిర్‌పోర్ట్‌లో నా సూట్‌కేసు అందుకున్న చెయ్యే తలుపును నెమ్మదిగా నెట్టింది. సందు మూడు వేళ్లయింది. రెండయింది. ఓడలోని ఇనప తలుపు కూడా నన్నింతగా ఏడిపించలేదు.

అప్పుడు లోపలి గదిలోంచి వినిపించింది. అమ్మ గొంతు. వరంగల్‌లో తెల్లవారుజామున లేచి అమ్మ రోజూ నాకు చేసే వీడియో కాల్. ఫోన్ నా చేతిలోనే ఉంది. అది మోగలేదు.

"ప్రణవీ, ఏంటమ్మా ఇవాళ మొహం ఇంత కళగా ఉంది? అన్నం తిన్నావా బంగారం?"

"తిన్నానమ్మా," అంది నా గొంతు.

అమ్మ సంతోషంగా నవ్వింది.