ఏడో బెడ్ మీది బరువు

రాయపురం దాటి హార్బర్ వైపు పోయే దారిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉంది. పేరు నేను చెప్పను, మీరూ అడగొద్దు. దాని ఐసీయూలో ఒక మూలగా, అద్దాల గదిలో, ఏడో నెంబరు బెడ్ ఉంది. దాని సంగతి తెలిసినవాళ్లెవరూ రాత్రి డ్యూటీలో ఆ బెడ్ దగ్గర నిలబడరు.

అక్కడ పనిచేసి మానేసిన ఒకామె చెప్పగా విన్నాను. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ఆ బెడ్‌కు చెడ్డపేరు కరోనా రోజుల్లో వచ్చింది. అప్పుడు ఆ గదిలోకి వెళ్లినవాళ్లు మళ్లీ నడిచి బయటికి వచ్చింది లేదు. కరోనా పోయింది గానీ బెడ్ తీరు మారలేదు. పగలంతా నిమ్మళంగా ఉన్న రోగికి, రాత్రి మందు పెట్టి వచ్చిన కాసేపటికి ఛాతీ లేవదు... ఎద మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు కొట్టుకుంటాడు. వెంటిలేటర్ గొంతు చించుకుని అరుస్తుంది.

నిద్రలో గుండెల మీద కూర్చుని అదిమే దెయ్యాన్ని అక్కడివాళ్లు అరవంలో అముక్కువాన్ అంటారు. ఏడో బెడ్ మీద అదే కాపురం పెట్టిందని ఆయాల దగ్గర్నుంచి నర్సుల దాకా అందరి నమ్మకం. ఆ రోగి ఊపిరి ఎవరి మొహానికి తగిలితే వాళ్ల వెంట అది ఇంటికి వస్తుందట. అందుకే ఒక కట్టుబాటు — రాత్రిపూట ఆ బెడ్ గొట్టం విప్పకూడదు. వెంటిలేటర్ గొట్టానికి మందు గిన్నె ఎప్పుడూ తగిలించే ఉంటుంది. అందులో మందు పోస్తే మంచులా మారి గాలితో పాటు లోపలికి పోతుంది. పోయడం, మూత పెట్టడం, వెనక్కి చూడకుండా వచ్చేయడం — అంతే.

నర్సింగ్ చదివినవాళ్లు ఇలాంటివి నమ్ముతారా అని నవ్వకండి. చదువు పగటిపూట బాగానే పనిచేస్తుంది. రాత్రి ఆ అద్దాల గదిలో ఒంటరిగా నిలబడి చూడండి, తెలుస్తుంది.

శరణ్య కూడా నమ్మింది. వాషర్‌మెన్‌పేట్ పిల్ల, కరోనా నాటి నుంచి అక్కడే నర్సు. ఏడో బెడ్‌లో మందు పోసి పరుగెత్తుకు రావడంలో నిన్ను మించినవాళ్లు లేరని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు.

అలాంటి శరణ్య తల్లి చెంగమ్మే, మొన్నటి వానల్లో ఉబ్బసం ముదిరి ఆ ఐసీయూకి వచ్చింది. రాయపురంలో ఎండుచేపల అంగడి ఆమెది. అంగట్లోనే ఊపిరాడక కూలబడితే బేరానికొచ్చినవాళ్లు ఆటోలో వేసుకొచ్చారు. వెంటనే వెంటిలేటర్ పెట్టాలన్నారు. ఖాళీ ఉన్నది ఒక్కటే బెడ్.

“ఆడ వద్దక్కా,” అని శరణ్య సీనియర్ నర్సు జీవిత చెయ్యి పట్టుకుంది.

“ఇంకేడ ఉండాది మే? వేరే ఆస్పత్రికి పొయ్యేలోపల అమ్మ మిగలదు.”

శరణ్య పట్టుబట్టి తనకే రాత్రి డ్యూటీ వేయించుకుంది. ఇంకెవరైనా అయితే భయపడి అమ్మ దగ్గరికే రారని ఆమె భయం. అయినా చెయ్యి మాత్రం అలవాటు ప్రకారమే పోయింది. మందు పోసేది, మూత పెట్టేది, అద్దం బయట నిలబడి దండం పెట్టుకునేది. ప్రతి రాత్రీ మందు పోసిన కాసేపటికే తల్లి ఛాతీ బిగుసుకునేది. పొద్దునకి సర్దుకునేది. డ్యూటీ డాక్టర్ సుధీంద్ర ఛార్టు చూసి, మందు ఇంకా ఎక్కువసార్లు పెట్టమన్నాడు.

ఎక్కువసార్లు పెట్టింది... ఆ రాత్రి వెంటిలేటర్ అరుపు ఆగలేదు.

శరణ్య లోపలికి పరుగెత్తింది. చెంగమ్మ కళ్లు సగం తెరిచి ఉన్నాయి. చూపు తన ఎద మీదే నిలిచి ఉంది — అక్కడ ఎవరో ఉన్నట్టు. పెదాలు నల్లబడుతున్నాయి. యంత్రం గాలి తోస్తోంది, ఛాతీ మాత్రం లేవడం లేదు.

ఫోన్ చేస్తే డాక్టర్ కింద క్యాజువాలిటీలో ఉన్నాడు, వస్తున్నానన్నాడు. జీవిత గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

“బయటికి దా మే... డాక్టర్ వస్తా ఉండాడు.”

“అమ్మ పోతా ఉండాదక్కా!”

శరణ్య గొట్టం మీద చెయ్యి వేసింది.

“ఇప్పబాక!” జీవిత గుసగుసగా అంది. “ఊపిరి తగిలితే నీ ఎనకాలే వస్తాది...”

“రానీ. అమ్మనిడిసి నా మీద కూర్చోనీ.”

కళ్లు గట్టిగా మూసుకుని లాగింది.

బుస్సుమని — లోపల ఎంతసేపటి నుంచో చిక్కుకుపోయిన ఊపిరి, వేడిగా, ఆమె మొహానికి కొట్టింది. అరచేతిలో ఏదో తడిగా, బరువుగా పడింది.  కళ్లు తెరిచి చూసింది.

ఫిల్టర్!

రోగి నోటి దగ్గర గొట్టానికి పెట్టే చిన్న ఫిల్టర్. ఊపిరిలోని తడినీ వేడినీ పట్టి ఉంచుతుంది. మందు పెట్టేముందు దాన్ని తీసేయాలి, అయ్యాక కొత్తది పెట్టాలి. మిగతా బెడ్లన్నిటికీ వాళ్లు చేసేది అదే. శరణ్య దాన్ని వంచితే మందు బొట్లు బొట్లుగా కారింది. తల్లికని పోసిన మందంతా అందులోనే ఉంది. ఒక్క చుక్క లోపలికి పోలేదు. పైగా తడిసి ముద్దయి ఊపిరికే అడ్డం పడింది.

ఫిల్టర్ లేకుండానే గొట్టం తగిలించింది. ఛాతీ లేచింది. మళ్లీ మందు పోసింది. ఈసారి తెల్లటి మంచు తిన్నగా లోపలికి పోయింది. డాక్టర్ వచ్చేసరికి చెంగమ్మ పెదాలకు రంగు వచ్చింది.

కరోనాలో ఆ గదిలో గొట్టం విప్పొద్దన్నది డాక్టర్లే, రోగి ఊపిరి గదిలోకి రాకూడదని. అప్పుడది సబబే. ఆ తర్వాత విప్పండని ఎవరూ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. కారణం మరిచిపోయారు, భయం మిగిలింది. రాత్రి భయం లేని పగటి డ్యూటీవాళ్లు పొద్దున్నే గొట్టం విప్పి ఫిల్టర్ మార్చేసేవాళ్లు గనక డాక్టర్లు రౌండ్‌కు వచ్చేసరికి ఏమీ కనిపించేది కాదు.

జీవిత లోపలికొచ్చి ఆ ఫిల్టర్ చేతిలోకి తీసుకుంది. “ఎంతమంది మే... ఎంతమందిని...”

 ఆ బెడ్ మీద పోయినవాళ్ల మొహాలు శరణ్యకు ఒక్కటీ మరుపు రాలేదు. పాపం, వాళ్లలో సగం మందికి మందు పోసింది తనే.

కొన్నాళ్లకు చెంగమ్మ గొంతులో గొట్టం తీసేశారు. ఆమెను మామూలు వార్డుకు మార్చారు. ఏడో బెడ్ కథ ఆమె చెవిన ఎవరూ వేయలేదు. శరణ్య గంజి పట్టుకుని పక్కన కూర్చుంది. అమ్మ దక్కిందన్న సంతోషంతో చెంచాతో కొద్దికొద్దిగా తాగించింది.

“రేత్రిళ్లు నా ఎద మీద ఒకామె కూర్చుంటా ఉండె పాపా,” అంది చెంగమ్మ, గీరుకుపోయిన గొంతుతో.

శరణ్య గంజి గిన్నె కింద పెట్టింది. “ఏం లేదుమా. మత్తుమందుకి అట్లా అనిపిస్తాది.”

“మత్తు కాదు. నువ్వు మందు పోసి పొయ్యినాక ఎక్కేది. దిగమని ఎంత మొరపెట్టుకున్నానో... గొంతులో గొట్టం పెట్టినారే, మాట యాడ వస్తాది?”

అడగకూడదనుకుంది శరణ్య. అడిగేసింది.

“మొగం చూసినావామా?”

చెంగమ్మ కూతురి వైపు చూసింది. శరణ్య చెయ్యి పట్టుకోబోతే, మెల్లగా తన చేతిని దుప్పట్లోకి లాక్కుంది.

“చూసినా పాపా... నీదే.”