ఎంగిలి కాని విందు

మణికూటం రాజ్యంలో పొయ్యిలన్నీ ఆరిపోయాయి. రాజు ధర్మకేతుడి విందుకు వచ్చిన ఘటోదరుడనే రాక్షసుడికి ఒక వంటవాడు తాను రుచి చూసిన గరిటెతోనే పాయసం వడ్డించాడు. ఎంగిలి పెట్టారన్న కోపంతో ఘటోదరుడు రాజ్యంలోని నిప్పంతా తన గుహకు ఎత్తుకుపోయాడు. ఎంగిలి కాని భోజనం వండిపెట్టినవారికే దాన్ని తిరిగి ఇస్తానన్నాడు. వెళ్ళిన వంటవాళ్ళెవరూ తిరిగి రాలేదు. జనం నానిన బియ్యం తిని బతుకుతున్నారు.

"నేను వెళతాను," అంది రాజకుమార్తె వకుళ.

ధర్మకేతుడు మండిపడ్డాడు. వకుళకు చదువు అబ్బలేదు. తాటాకు చేతికిస్తే అక్షరాలు చీమల్లా చెదిరిపోయేవి. ఆమె ఎప్పుడూ నైవేద్యాలు వండే పేరిందేవి అవ్వ దగ్గరే ఉండేది.

"ముందు చదువు పూర్తిచెయ్యి. గరిటె తిప్పడానికా నువ్వు పుట్టింది?" అన్నాడు రాజు.

"అందుకే పుట్టాను నాన్నగారూ. నిప్పు తెస్తే నా చేతిలో మళ్ళీ తాటాకు పెట్టకూడదు. మాటివ్వండి."

ఆకలితో నకనకలాడుతున్న రాజు మాటివ్వక ఏం చేస్తాడు?

అడవిలో ఒక ముని దారికి అడ్డంగా కూర్చుని ఉన్నాడు. శ్లోకం చెబితేనే కదులుతానన్నాడు.

"నాకు రాదు స్వామీ. ఎంత నేర్పినా రాలేదు. వడపప్పు తింటారా?" అంది వకుళ.

నిప్పు లేకుండా చేసిన వంటకం అది. నానిన పెసరపప్పు, కొబ్బరి, మామిడి తురుము. ముని దొప్ప ఖాళీ చేసి దారి ఇచ్చాడు.

కొండ మలుపులో రెక్కల పులి మీదికి దూకింది. వకుళ గుప్పెడు కారం దాని ముక్కుకేసి కొట్టింది. పులి తుమ్ముకుంటూ ఎగిరిపోయింది.

గుహలో వంటవాళ్ళందరూ రాళ్ళై ఉన్నారు. ఒక్కొక్కరి అరచెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.  వకుళ పొయ్యి వెలిగించి గుమ్మడికాయ పులుసు పెట్టింది.

"ఉప్పు సరిపోయిందో లేదో చూసుకో తల్లీ," అన్నాడు ఘటోదరుడు తియ్యగా.

అలవాటు కొద్దీ ఆమె చెయ్యి గరిటె వైపు వెళ్ళింది. అంతలోనే వెనక్కి లాక్కుంది.

"దేవుడికి వండేటప్పుడు మా అవ్వ రుచి చూడదు. నేనూ చూడను."

వకుళ వంగి ఆవిరి వాసన పీల్చింది. చింతపండు పులుపు ముక్కుకు గుచ్చుకుంది. ఉప్పు తక్కువైందన్నమాట. ఇంకో చిటికెడు వేసి మళ్ళీ వాసన చూసి దించింది.

ఘటోదరుడు ఆకు నాకేశాడు. రాళ్ళు మళ్ళీ మనుషులయ్యాయి.

"నిప్పు తీసుకెళ్ళు. సకల శాస్త్రాలూ నీ తలలో పెట్టమంటావా?" అన్నాడు.

ఇన్నేళ్ళ తిట్లూ ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "వద్దు. ఇప్పుడు నాకేం తక్కువైందని?" అంది.

నిప్పుతో తిరిగొచ్చిన వకుళ ఈ సంగతి చెప్పగానే ధర్మకేతుడు నిండు సభలో తల పట్టుకున్నాడు. "వరమిస్తానంటే వద్దన్నావా?"

"వద్దన్నాను. కూర్చోండి, వడ్డిస్తాను."

రాజు జనంతోపాటు పంక్తిలో కూర్చుని మొదటి ముద్ద తిన్నాడు. ఆకు ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు. చివరికి ఆకు కాస్త ముందుకు జరిపి, "ఇంకొంచెం వెయ్యమ్మా," అన్నాడు.

ఆ ఏడే వకుళకు పట్టాభిషేకం చేశారు. అది వంటశాలలోనే జరగాలని ఆమె పట్టుబట్టింది, అలాగే జరిగింది.