చాందాకి మొదటి పిలుపు

"పెళ్ళిని దుగూన్ అంటావేంటి? అది టర్కీ మాట. మన లాజ్ భాషలో ఏమంటారో కూడా తెలీదా?"

టర్కీ ఈశాన్య మూల, లాజ్‌లు ఉండే అర్హవిలో తేయాకు తూకం దగ్గర, వరుసలో ముందున్న తుంజాయ్ వెనక్కి తిరిగి ఎగతాళి చేశాడు. ఇస్తాంబుల్‌లో పెరిగి, మేనమామ తోటలో కోతకొచ్చిన ఐసెల్‌కి ఒళ్ళు మండింది.

"నువ్వేమన్నా లాజ్ మాస్టారివా?"

తుంజాయ్ తల్లి పాకిజె బుట్ట దించి నవ్వింది. "చాందా అనాలి తల్లీ. పిలవడంలోంచి పుట్టిన మాటని మా పెద్దలనేవాళ్ళు. బాజాలూ విందూ తర్వాత. ముందు గడపగడపకీ వెళ్ళి పిలవాలి. నీ పెళ్ళికి నేనే పిలుస్తా."

"ముందు పెళ్ళికొడుకు దొరకాలిగా అత్తా!"

"వీడున్నాడుగా, ఖాళీగా!"

తుంజాయ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ వానాకాలమంతా ఒకే గొడుగు కింద నడుస్తూ ఇద్దరూ పోట్లాడుకున్నారు. మరుసటేడు ఉంగరాలు మార్చుకున్నారు. మూడో కోత అయ్యాక వచ్చే ఆదివారం పెళ్ళి అనుకున్నారు.

రెండో కోతలోనే, తేయాకు మొక్కల మధ్య పాకిజె గుండె ఆగిపోయింది. ఇంటికి దిగువనే, తోటలో పూడ్చారు. తుంజాయ్ కంట చుక్క రాలలేదు.

తల్లి పోయిన నలభయ్యో రోజు దాటాక అన్నాడు: "పెళ్ళాఫీసులో సంతకాలు పెట్టేద్దాం. ఎవర్నీ పిలవను. పిలుస్తానన్న మనిషే లేదు."



మర్నాడు పొద్దున్నే జల్లులో తల్లి సమాధి పక్కన ఐసెల్ నిలబడటం చూసి తుంజాయ్ దిగివచ్చాడు. వచ్చీరాని లాజ్‌లో మాట్లాడుతోంది.

"అత్తా, ఈ ఆదివారం మా చాందా. మొదటి పిలుపు నీకే. రాలేవని తెలుసు. అలాగని పిలవకుండా ఉంటానా..."

తుంజాయ్ బురదలోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఐసెల్ పక్కనే కూర్చుంది.

అతని ఏడుపు తగ్గాక అడిగింది. "అత్త అయితే ముందు ఎవరింటికెళ్ళేది?"

"పై మలుపులో హవ్వా పిన్ని ఇంటికి. ముందు పిలవకపోతే అలుగుతుంది."

"అయితే లే."

గడపలో హవ్వా నిలబడి ఉంది. తుంజాయ్ మెట్టు దగ్గరే ఆగి తల దించుకున్నాడు. బురదంటిన అతని చేతిని ఐసెల్ గట్టిగా పట్టుకుంది.

హవ్వా తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది.

"మీ అమ్మ పోయాక ఈ ఇంటికి పిలుపు రాదనుకున్నానురా. నోరు విప్పి పిలువు. వింటాను."

అతను పిలిచాడు.